ఐదక్షరాల ఇంగ్లీషు పదాలు, క్యూ, ఎ రెండూ ఉండాలి: ఎట్లా వెతకాలి?

కర్నూలు బురుజు:
పాపకు సెలవుల హోంవర్క్. ఐదక్షరాల ఇంగ్లీషు పదాలు, ప్రతిదాంట్లో క్యూ, ఎ రెండూ ఉండాలి, పదిహేను రాసుకు రమ్మన్నారు. ఈక్వల్, స్క్వాడ్, కోటా దగ్గర బండి ఆగిపోయింది. ఫోన్ ముట్టకూడదని మేడమ్ షరతు. చేత్తో వెతకడానికి పద్ధతి ఏమైనా ఉందా? అక్షరాల సంఖ్య ప్రకారం పదాలు వేసిన పుస్తకం మన ఊళ్లో ఎక్కడ దొరుకుతుంది? అసలు ఆరో తరగతి పిల్లకు ఇట్లాంటివి ఇవ్వొచ్చా?

అనంత ఎక్సెల్:
రెండు నిమిషాల పని. పదాల జాబితా ఎక్సెల్‌లో ఒక కాలమ్‌లో పోయండి. పక్కన అక్షరాలు లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేసి 5 వచ్చినవి ఫిల్టర్ చేయండి. తర్వాత టెక్స్ట్ ఫిల్టర్‌లో క్యూ ఉన్నవి, ఎ ఉన్నవి అని రెండు షరతులు విడివిడిగా పెట్టండి. చాలామంది స్టార్, క్యూ, స్టార్, ఎ, స్టార్ అని (స్టార్ అంటే అక్కడ ఏ అక్షరాలైనా ఉండొచ్చని) ఒకే ముక్కగా కొట్టేసి జాబితా వచ్చిందని సంబరపడతారు. అట్లా కొడితే క్యూ తర్వాత ఎ ఉన్నవే పడతాయి. ఎ ముందు, క్యూ వెనక ఉన్న ఫకీర్ లాంటివి జారిపోతాయి. మా ఆఫీసులో అందరికీ ఇది నేర్పింది నేనే.

కర్నూలు బురుజు:
ఫోన్ వద్దంటే కంప్యూటర్ అంటారేందన్నా.

కడప కారం దోశ:
డిక్షనరీ అనగానే మా కడపే గుర్తు రావాలి. బ్రౌన్ దొర ఇక్కడ బంగళాలో పండితులను కూర్చోబెట్టుకుని తెలుగు పని చేయించాడు. ఆయన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు 1852లో వచ్చింది. ఎర్రముక్కపల్లెలో ఆ బంగళా ఉన్న చోటే ఇప్పుడు ఆయన పేరున లైబ్రరీ ఉంది. పాపను తీసుకురండి, ఒక పూట కూర్చుంటే పని అయిపోతుంది.

అనంత ఎక్సెల్:
కర్నూలు నుంచి కడపకు బస్సెక్కి, బ్రౌన్ నిఘంటువు తిరగేసి, ఐదక్షరాలవి వేలితో లెక్కపెట్టుకోవాలన్నమాట. బాగుంది సామీ.

కడప కారం దోశ:
వెటకారం వద్దు. పుస్తకం తిరగేసినవాడికి వచ్చే జ్ఞానం ఫిల్టర్ కొట్టినవాడికి రాదు.

స్క్రాబుల్ పిచ్చోడు:
అక్షరాల బిళ్లలతో పదాలు పేర్చే స్క్రాబుల్ ఆటలో బెంగళూరులో టోర్నమెంట్లు ఆడినవాణ్ణి, చెప్తా వినండి. క్యూ పక్కన దాదాపు ఎప్పుడూ యు వస్తుంది. మీకు ఎ కూడా కావాలి కాబట్టి మూడు గళ్లు నిండినట్టే, మిగిలింది రెండు. కాగితం మీద క్యూ, యు, ఎ రాసి, చివరి రెండు గళ్లలో హల్లులు మారుస్తూ పోనివ్వండి. క్వాక్, క్వార్ట్, క్వార్క్, క్వాల్మ్, క్వాష్ వస్తాయి. చివర ఈ పెడితే క్వేక్. తర్వాత ముందు ఎస్ తగిలించండి, స్క్వాడ్ మీ దగ్గర ఉంది, స్క్వాట్ వస్తుంది. క్యూ వెనక యు రానివి కావాలంటే బుర్ఖా, నిఖాబ్, రెండింటినీ ఇంగ్లీషులో క్యూతోనే రాస్తారు. స్క్రాబుల్ వంద బిళ్లల్లో క్యూ ఒక్కటే, 10 పాయింట్లు. చేతిలో పడితే యు కోసం ఏడుస్తూ కూర్చునేవాడు ఓడిపోతాడు.

బ్యాంక్ ప్రిపరేషన్:
ఇదే తలనొప్పి నాకు రీజనింగ్‌లో. కోచింగ్‌లో మొన్న మాక్ టెస్ట్ పెట్టారు. ఎ, ఈ, ఆర్, టి నాలుగింటినీ ఒక్కోసారి వాడి అర్థమున్న పదాలు ఎన్ని చేయొచ్చు? నేను మూడు పెట్టాను: రేట్, టియర్, టేర్. కీలో రెండే. సార్‌ని అడిగితే టేర్ అనే మాటే లేదన్నారు. మైనస్ మార్కు పడింది.

కడప కారం దోశ:
టేర్ అంటే చింపడం. టియర్ రాశావంటే స్పెల్లింగ్ అదే, రెండుసార్లు ఎట్లా లెక్కేస్తావు? సార్ కరెక్టే.

బ్యాంక్ ప్రిపరేషన్:
అది కాదన్నా. టి, ఎ, ఆర్, ఈ.

కడప కారం దోశ:
అట్లాంటి పదం నేనెక్కడా చూడలేదు.

ఆదోని పత్తి:
చూడకపోతే ఆదోని యార్డుకు రా అప్పా. కాటా చీటీ మీద మూడు వరసలుంటాయి: గ్రాస్, టేర్, నెట్. లారీ సరుకుతో ఎక్కితే గ్రాస్. దించేసి ఖాళీ బండి ఎక్కితే టేర్. అందులోంచి ఇది తీసేస్తే నెట్, రైతుకు డబ్బు దాని మీదే. టేర్ వేయకుండా పాత చీటీలోది ఎక్కించేసే కాటావాళ్లు ఉంటారు. డ్రైవర్ కిందికి దిగాడా, స్టెప్నీ తీసేశారా, ఇవన్నీ మేం కళ్లలో ఒత్తులేసుకుని చూసుకోవాలి. అదే లేదంటాడా ఆ సారు?

కడప కారం దోశ:
వ్యాపారం మాటలు పరీక్షలో చెల్లవు.

ఆదోని పత్తి:
బ్యాంకులో చేరినాక వ్యాపారుల ముందే కదయ్యా కూర్చునేది!

స్క్రాబుల్ పిచ్చోడు:
టి ఎ ఆర్ ఈ నూటికి నూరు పాళ్లు చెల్లుతుంది. మామూలు డిక్షనరీల్లోనే ఉంది. ఆ టెస్ట్ పేపర్ రాసినవాళ్లు తెరిచి చూసి ఉండాల్సింది. ఇంత చిన్నదానికే కొట్టుకుంటున్నారు, రెటినా ఆరక్షరాలకు ఏడోది కలిపి ఆడి చూడండి. జి వస్తే గ్రానైట్, సి వస్తే సర్టెన్, పి వస్తే పెయింటర్. ఏడు బిళ్లలూ ఒకేసారి దించితే 50 బోనస్. మీలో ఎవరూ నా ముందు ఒక గేమ్ కూడా...

అనంత ఎక్సెల్:
గొప్పలు తర్వాత. గ్రానైట్ అంటే గుర్తొచ్చింది, ఇంటికి ఫ్లోరింగ్ వేయాలి. తాడిపత్రి వైపు నల్ల బండలు ఇప్పుడు అడుగు ఎంత పలుకుతున్నాయో ఎవరికైనా తెలుసా?

కర్నూలు బురుజు:
బండలూ లారీలూ సరే. స్క్రాబుల్ అన్న చెప్పినట్టు గళ్లు గీసి ఇచ్చాను, పాప క్వార్క్, క్వాష్ తనే పట్టింది, ఇంకో నాలుగు తక్కువ. బుర్ఖా రాస్తే మేడమ్ ఒప్పుకుంటారా? పుస్తకం సంగతి ఇంతవరకు ఒక్కరూ చెప్పలేదు.

ఆదోని పత్తి:
ఒప్పుకోకపోతే డిక్షనరీ తీసుకెళ్లి చూపించు. మా వాడికి మార్కు కోసినట్టు కోయనివ్వొద్దు.

బ్యాంక్ ప్రిపరేషన్:
మార్కు కోసింది మీవాడికి కాదన్నా, నాకు.

గుత్తి గోంగూర:
నాకూ ఇట్లాంటిదే కావాలి. ఆరక్షరాలు, జెడ్ రెండుసార్లు రావాలి. పైవన్నీ చదివే టైమ్ లేదు, నేరుగా పదాలు చెప్పండి.