అత్తయ్య యూరిన్ కల్చర్‌లో ఈ.కోలి వచ్చింది, మంటా జ్వరం ఏమీ లేవు. కోర్సు వాడాలా?

కృష్ణలంక కోడలు:
మా అత్తయ్యకి 71 ఏళ్ళు, షుగర్ ఉంది. వచ్చే వారం గవర్నర్‌పేటలో శుక్లాల ఆపరేషన్. రక్త పరీక్షలు చేయించుకు రమ్మంటే, ప్యాకేజీ అయితే చవక అని ల్యాబ్ వాళ్ళు చెప్పారు, అదే తీసుకున్నాం. అందులో యూరిన్ కల్చర్ (మూత్రంలో క్రిములుంటే పెంచి చూసే పరీక్ష) కూడా ఉందట. నిన్న రాత్రి వాట్సాప్‌లో రిపోర్టు వచ్చింది. ఈ.కోలి అనే బ్యాక్టీరియా, లక్షకు పైగా కాలనీలు అని ఎర్ర అక్షరాల్లో ఉంది. కింద మందుల పట్టిక, సగం మందుల ఎదురుగా ఆర్ అని. గత మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9.

ఆవిడకి మంట లేదు, చలిజ్వరం లేదు, పొత్తికడుపు నొప్పి లేదు. రాత్రి ఒకసారి లేవడం ఎప్పటినుంచో ఉన్నదే. అయినా ఇంట్లో అందరికీ టెన్షన్. సందు చివర మెడికల్ షాపు ఆయన ఐదు రోజుల యాంటీబయాటిక్ కోర్సు ఇస్తా, ఆపరేషన్ లోపు క్లియర్ అయిపోతుంది అంటున్నాడు. మావారు కొనేద్దాం అంటున్నారు. అయినా ఈ.కోలి మురికి నీళ్ళలో ఉండేది కదా, మేం క్యాన్ నీళ్ళే తాగుతాం. ఎక్కడినుంచి వచ్చినట్టు?

పెరుగన్నం:
రోజూ మజ్జిగ దండిగా ఇవ్వండి, బార్లీ నీళ్ళు తాగించండి. మంచి బ్యాక్టీరియా చెడ్డదాన్ని తరిమేస్తుంది. మా ఇంట్లో అదే వైద్యం.

కొత్తపేట ల్యాబ్ మాస్టారు:
అమ్మా, గుంటూరు కొత్తపేటలో కల్చర్ బెంచి దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది. డాక్టర్ని కాను, మందు సంగతి డాక్టరే తేల్చాలి. మీ చేతిలో ఉన్న కాగితం ఎలా తయారవుతుందో మాత్రం చెప్పగలను.

ముందు ఆ నీళ్ళ క్యాన్‌ని వదిలేయండి. ఆ ఈ.కోలి మీ అత్తగారి పేగుల్లోదే. మీ పేగుల్లో, నా పేగుల్లో కూడా ఉంది. 1885లో ఎషెరిష్ అనే పిల్లల వైద్యుడు దాన్ని మొదట చూసింది పసిపిల్లల విరేచనంలోనే. బిడ్డ పుట్టాక పేగులోకి ముందుగా చేరేవాటిలో అదొకటి. అక్కడున్న కాస్త ఆక్సిజన్‌నీ అది వాడేసుకున్నాకే, గాలి తగిలితే బతకలేని మిగతా జాతులు కుదురుకుంటాయి. కొంత విటమిన్ కె కూడా తయారుచేస్తుంది. 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని, అన్నీ కలిపి తూస్తే 200 గ్రాములుంటాయని 2016లో లెక్కగట్టారు. పేగులోని మందలో ఈ.కోలి వాటా నూటికి ఒకటి కూడా ఉండదు. పేరు మోసింది మాత్రం అదే, క్రిముల్ని పెంచే మా ల్యాబ్ ప్లేటు మీద తేలిగ్గా పెరుగుతుంది కనుక. నీళ్ళలో కనబడితే మలం కలిసిందని అర్థం, చెడ్డపేరు అక్కడ వచ్చింది. విరేచనాలు పట్టించే రకాలు లేకపోలేదు, అవి వేరు.

ఆడవాళ్ళలో మలద్వారానికీ మూత్రనాళానికీ దూరం తక్కువ. నెలసరి ఆగిపోయాక ఆ దారిలో ఉండే లాక్టోబాసిల్లస్ జాతి తగ్గుతుంది, ఈ.కోలికి రాస్తా సులువవుతుంది. పెద్దవయసు ఆడవాళ్ళలో, అందులోనూ షుగర్ ఉన్నవాళ్ళలో, ఏ బాధా పెట్టకుండా మూత్రంలో అది ఉండటం చాలా మామూలు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మూత్రాశయంలో క్రిమి అన్నదే ఉండదని మేం చదువుకున్నాం. అదీ నిలవలేదు. మామూలు కల్చర్‌లో ఏమీ పెరగని మూత్రంలోనూ బతికున్న బ్యాక్టీరియా ఉన్నాయని 2014లో చికాగోలోని లయోలా విశ్వవిద్యాలయం వాళ్ళు చూపించారు.

ఇక లక్ష సంగతి. ఒక మైక్రోలీటరు, అంటే మిల్లీలీటరులో వెయ్యో వంతు, పట్టే లూపుతో (చిన్న తీగ ఉంగరం) మూత్రాన్ని ప్లేటు మీద గీసి, రాత్రంతా 37 డిగ్రీల్లో పెడతాం. పొద్దున మెకాంకీ అనే పోషక పదార్థం పోసిన ప్లేటు మీద గులాబీ రంగు చుక్కలు లేస్తాయి, వాటినే కాలనీలంటాం. వంద చుక్కలుంటే మిల్లీలీటరుకు లక్ష అని రాస్తాం. ఆ లక్ష గీత 1950ల్లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ కాస్ పెట్టింది. పక్కనుంచి అంటుకున్న క్రిములకూ, నిజంగా మూత్రంలో ఉన్నవాటికీ తేడా తెలియడానికి పెట్టాడు. మనిషికి జబ్బుందో లేదో ప్లేటు చెప్పదు. ఆ ముక్క ఎర్ర అక్షరాలు కొట్టే కంప్యూటర్‌కి తెలియదు.

ఒక్కటి చెప్పండి. శాంపిల్ ఎప్పుడు తీశారు, ల్యాబ్‌కి ఎప్పుడు చేరింది? మా దగ్గరికి ఆవకాయ సీసా కడిగి అందులో పట్టుకొచ్చినవాళ్ళు ఉన్నారు. రేపల్లె నుంచి మే నెల ఎండలో బస్సులో తెచ్చినవాళ్ళూ ఉన్నారు. రెండు గంటల్లోపు బెంచి మీదకి రావాలి, లేదంటే ఫ్రిజ్‌లో ఉండాలి. వెచ్చగా ఉంటే దారిలోనే రెట్టింపు మీద రెట్టింపు అవుతాయి. వేలల్లో ఉన్నవి మాకు లక్షలై కనబడతాయి.

పెరుగన్నం గారూ, మజ్జిగ తాగడానికేం, మంచిదే. అందులోవి చాలావరకు పేగు గుండా సాగిపోయేవే, అక్కడ కాపురం పెట్టవు. మూత్రాశయంలోకైతే అసలు పోవు.

కృష్ణలంక కోడలు:
మాస్టారూ, పొద్దున ఆరింటికే పట్టి ఉంచాం. ల్యాబ్ అబ్బాయి ఎనిమిది దాటాక వచ్చాడు. ఇంకా పటమట, గన్నవరం వెళ్ళాలన్నాడు. చేతిలో ఐసు పెట్టె ఏమీ లేదు. మరి ఆ ఆర్‌లు ఏమిటి? అవి చూసే భయమేసింది.

కొత్తపేట ల్యాబ్ మాస్టారు:
అయితే ఆ లక్షను నేను నమ్మను. ఆర్ అంటే ఆ మందుకు అది లొంగదని, ఎస్ అంటే లొంగుతుందని. ఎందుకు లొంగదంటే, జలుబుకీ దగ్గుకీ షాపులో అడిగి వేసుకున్న కోర్సులన్నీ పేగు గుండానే పోయాయి కదా. లొంగేవి చచ్చాయి, లొంగనివి బతికి బట్టకట్టాయి. బాధ పెట్టని దాని మీద ఇప్పుడు మళ్ళీ ఐదు రోజులు కొడితే, మిగిలున్న ఎస్‌లు కూడా ఆర్‌లవుతాయి. రేపు నిజంగా కిడ్నీకి పాకి చలిజ్వరం వచ్చిననాడు ఏ మందు వేస్తారు? షుగర్ ఉన్నా సరే, లక్షణాలు లేకపోతే మందు వద్దనే ఇప్పటి వైద్య మార్గదర్శకాలు కూడా చెబుతున్నాయి.

మంట, చలితో జ్వరం, నడుం పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, లేదా ఉన్నట్టుండి పొంతన లేని మాటలు, వీటిలో ఏది కనబడినా ఆగకండి, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి.

నిడమర్రు అమ్మడు:
ఇది చదివి గర్భిణులు మాత్రం ఊరుకోకండి. నాకు అయిదో నెలలో ఇలాగే ఏ బాధా లేకుండా వచ్చింది, మా డాక్టరమ్మ మందు వాడించారు. వదిలేస్తే కిడ్నీ ఇన్ఫెక్షన్ దాకా వెళ్ళొచ్చని చెప్పారు.

కొత్తపేట ల్యాబ్ మాస్టారు:
నిజమే తల్లీ, గర్భిణుల లెక్క వేరు. మూత్రనాళంలోకి పరికరం పెట్టి, రక్తం వచ్చే ఆపరేషన్ చేసేటప్పుడూ అంతే, ముందే మందు వాడతారు. కంటి శుక్లం ఆ కోవలోకి రాదు. అయినా ఆపరేషన్ చేసే డాక్టరుకు రిపోర్టు చూపించండి. నన్నడిగితే ఆ కాగితంలో ఎర్రగా ఉండాల్సింది 8.9. దాని ఊసు ఎవరూ ఎత్తలేదు.

కృష్ణలంక కోడలు:
కంటి ఆసుపత్రికి ఫోన్ చేశాను. యూరిన్ కల్చర్ మేం అడగనే లేదు అన్నారు. షుగర్ మాత్రం తగ్గించుకు రమ్మన్నారు, తేదీ అవసరమైతే జరుపుతారట. షుగర్ డాక్టరు దగ్గర రేపు సాయంత్రానికి టోకెన్ దొరికింది. రెండు సంగతులూ ఆయన్నే అడుగుతాను. మెడికల్ షాపు ఆయనకు ఏం చెప్పాలో మావారు చూసుకుంటారు.