కట్టు విప్పియా, కట్టె విఱిచియా?

అరసున్న: ఉత్ప్రేరకం (తాను ఖర్చుకాకుండా రసాయన చర్యను వేగంగా నడిపించే పదార్థం) మీద చెప్పిన ఒక పొడుపు ఆటవెలది నాలుగు రోజులుగా వేధిస్తోంది. మూడో పాదం ఎంతకీ తట్టడం లేదు.

తాను మారకుండ తరువులో చక్కెర
కట్టు విప్పి చమురు గాఁగ మార్చు
.....
దాని పేరు చెప్పు ధన్యుఁ డెవఁడు

పూరణలు వద్దు, అసలు పాదం కావాలి.

శకటరేఫ: మూడో పాదం సంగతి తరవాత చూద్దాం. రెండోది “కట్టె విఱిచి” కదండీ! బండి ఱతో. “విప్పి” అని ఎక్కడ విన్నారు?

పాతపుస్తకం: గణాలు చూస్తే రెండూ నిలబడతాయి. కట్టు, కట్టె రెండూ గలమే. విప్పి గలం, విఱిచి నగణం, రెండూ సూర్యగణాలే. యతి క–గాఁ మీద ఉంది కాబట్టి అదీ తీర్పు చెప్పదు. అర్థంతోనే తేల్చుకోవాలి.

శకటరేఫ: అర్థమూ నా పక్షమే. కట్టెకు కట్టెతనం ఇచ్చేది లిగ్నిన్. ఆ పేరు పుట్టిన లాటిన్ లిగ్నమ్‌కు కట్టె అనే అర్థం. చక్కెరను, కట్టెను విఱుస్తుందని కవి భావం. చక్కెర అంటే సెల్యులోజు (చెట్టులోని గ్లూకోజు గొలుసు), కట్టె అంటే లిగ్నిన్, రెండూ వచ్చేశాయి. “కట్టు” అంటే సగం చెట్టు పద్యంలో నుంచి పోయినట్టే.

అరసున్న: “తరువులో చక్కెర, కట్టె” అని ఎవరైనా అన్వయిస్తారా? తరువులో ఉన్నది కట్టె కాక మరేమిటి? చక్కెరకట్టె అని సమాసం చేస్తే చెరకు అవుతుంది, అది గడ్డి, తరువు కాదు. “చక్కెర కట్టు” అంటే గ్లూకోజు గ్లూకోజును పట్టుకున్న ముడి. కట్టును విప్పుతారు, విఱవరు.

ప్రయోగశాల: విప్పడమే సరి. ఆ ముడి పేరు గ్లైకోసిడిక్ బంధం. దాని జలవిశ్లేషణలో, అంటే నీటితో విడగొట్టడంలో, ఆమ్లం ప్రోటాన్ ఇస్తుంది, నీటి అణువు వచ్చి చేరుతుంది, రెండు చక్కెరలూ చెక్కుచెదరకుండా విడివడతాయి. ముడి విప్పినా తాడు తాడుగానే ఉంటుంది కదా! పైగా ఉత్ప్రేరణకు ఇంగ్లీషు పేరైన కెటాలిసిస్ గ్రీకు మాట, దాని ధాతువుకే విప్పడం, వదులు చేయడం అని అర్థం. 1835లో స్వీడన్ రసాయన శాస్త్రవేత్త బెర్జీలియస్ ఏరి తెచ్చి పెట్టాడు. కవికి అది తెలిసే ఉంటుంది.

శకటరేఫ: పిండిపదార్థమైతే మీ మాట ఒప్పుకుంటాను. అందులో గ్లూకోజులను కలిపేది ఆల్ఫా రకం బంధం, ఉమ్మికి కూడా లొంగుతుంది. సెల్యులోజులో ఉన్నది బీటా రకం. గొలుసులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి బిగించుకుని పడుకుంటాయి. సజల ఆమ్లం పోసి రెండు వందల డిగ్రీల దాకా వేడి చేస్తే తప్ప కదలవు. ఆ వేడికి వచ్చిన గ్లూకోజు కూడా నిలవక హెచ్‌ఎమ్‌ఎఫ్ (హైడ్రాక్సీమిథైల్ ఫర్‌ఫ్యూరాల్)గా, లెవ్యులినిక్ ఆమ్లంగా మారిపోతుంది. ఇంత గొడవను “విప్పడం” అంటే ఎలాగండీ?

ప్రయోగశాల: అదే బీటా బంధాన్ని సెల్యులేజు ఎంజైము యాభై డిగ్రీల దగ్గర తీరిగ్గా విప్పుతుంది. ఎంజైమూ ఉత్ప్రేరకమే.

చాటువు: ర, ఱ దగ్గరికి వద్దాం. విరియు వేరు, విఱుగు వేరు. పువ్వు విరియును, కొమ్మ విఱుగును. శకటరేఫ గారు బండి ఱ మీద ఇంత పట్టుదలగా ఉంటే పోతన దగ్గర ఏం చేస్తారు? ర, ఱ కలిపాడని లాక్షణికులు ఆయనను తప్పుపట్టారు. అయినా పద్యం మాత్రం జనం నోట నిలిచింది. చెవికి ఒకటే అయినప్పుడు ప్రాసలో ఒకటైతే తప్పేమిటి?

శకటరేఫ: పోతనకు చెల్లింది. మనకు చెల్లదు.

పాతపుస్తకం: పోతనను తరవాత తలుచుకుందాం. నాకు “చమురు” మీద అనుమానం. చక్కెర ద్రావణం నుంచి ఆల్కేన్ ద్రవాలు (పెట్రోలు, డీజిల్‌లలో ఉండే రకం హైడ్రోకార్బన్లు) తీసిన పని 2005లో సైన్స్ పత్రికలో వచ్చింది, విస్కాన్సిన్‌లో డ్యుమెసిక్ బృందానిది. అంతకు మూడేళ్ల ముందు వాళ్లే ప్లాటినం మీద గ్లూకోజు నుంచి హైడ్రోజన్ తీశారు. కాబట్టి పద్యం 2005కు ముందుది కాదు. అరసున్నలు పెట్టారని ప్రాచీనం అనుకోకండి.

ప్రయోగశాల: ఆ లెక్క నిలవదు. కవి చెప్పింది పైరాలిసిస్ నూనె కావచ్చు. గాలి తగలకుండా ఐదు వందల డిగ్రీల దగ్గర చప్పున వేడి చేస్తే కట్టె నల్లటి ద్రవమవుతుంది. దాన్ని చమురు అనడం కవి ఔదార్యం. అందులో పావు వంతు దాకా నీరే ఉండవచ్చు, పులుపు ఎక్కువ, పెట్రోలియంతో కలవదు. కారణం ఆక్సిజన్. గ్లూకోజు బరువులో 53 శాతం అదే. అసలు పని దాన్ని వదిలించడం, ఆ మాట పద్యంలో లేదు.

శకటరేఫ: చూశారా, ఐదు వందల డిగ్రీలు! విఱవడమే.

అరసున్న: మూడో పాదం...

చాటువు: నాకు వచ్చిన పాఠం ఇది:

మరల మరల వచ్చు మసిపట్టి యలయును

మ–మ యతి కుదిరింది. గణాలు పాతపుస్తకం గారు చూసుకోవచ్చు.

పాతపుస్తకం: మసిపట్టి సలం, యలయును నలం, రెండూ ఇంద్రగణాలే. సరే. కానీ మొదటి పాదంతో పేచీ వస్తుంది. తాను మారనిది అలసిపోవడం ఏమిటి?

ప్రయోగశాల: ఆ పాదం అసలుదే అంటాను. జియోలైటు (సన్నని రంధ్రాలుండే ఖనిజ ఉత్ప్రేరకం) మీద కట్టె ఆవిరి నడిపిన వాళ్లు మాత్రమే రాయగలరు. రంధ్రాలలో కోకు, అంటే మసి లాంటి కర్బనం, పేరుకుని అవి మూసుకుపోతాయి. గాలిలో కాల్చి మసి వదిలిస్తే మళ్లీ పని చేస్తుంది, “మరల మరల వచ్చు” అందుకే. చెట్టులోని పొటాషియం తగిలితే మాత్రం కాల్చినా పూర్తిగా తిరిగిరాదు. తప్పు మొదటి పాదానిదే. “తాను మారకుండ” పాఠ్యపుస్తకం మాట.

శకటరేఫ: అయితే “తాను మాఱకుండ” అని బండి ఱ పెట్టండి ముందు. మాఱు శకటరేఫమే, చివరి “మార్చు”కు కూడా అదే మూలం. మూడో పాదంలో “మరల” దగ్గర సాధురేఫం (మామూలు ర). ఈ తేడా తెలిసిన కవి రెండో పాదంలో “విప్పి” అని తప్పించుకుంటాడా?

అరసున్న: “విప్పి”లో రేఫమే లేదు కదండీ.

శకటరేఫ: అదే నేను అంటున్నదీ.