టర్బో కారుకి 3 అంగుళాల ఎగ్జాస్ట్: 2,200 ఆర్‌పీఎం దగ్గర హోరు తగ్గేదెలా?

కారు 2.0 లీటర్ల నాలుగు సిలిండర్ల టర్బో పెట్రోల్. క్యాట్ (పొగలోని హానికర వాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్) తర్వాతదంతా 3 అంగుళాల 304 స్టెయిన్‌లెస్ పైపు, వెనక ఒక స్ట్రెయిట్-త్రూ (గ్యాసు నేరుగా దూసుకుపోయే) మఫ్లర్, రెజోనేటర్ (దారిలో శబ్దం తగ్గించే డబ్బా) లేదు. డౌన్‌పైపు (టర్బో నుంచి బయటికొచ్చే మొదటి పైపు), ఈసీయూ మ్యాప్ (ఇంజన్ కంప్యూటర్ సెట్టింగులు) కంపెనీవే. గట్టిగా తొక్కినప్పుడు శబ్దం బాగుంది. ఆరో గేర్లో నిలకడగా 2,200 దగ్గర మాత్రం లోపల చెవులు దిమ్మెక్కే హోరు. 2,600 దాటితే మాయం. ఫ్లాంజ్ గాస్కెట్లలో లీకు లేదు, హ్యాంగర్ రబ్బర్లు గట్టిగానే ఉన్నాయి, పైపు ఎక్కడా బాడీకి తగలడం లేదు.

నా లెక్క ఇదీ. ఇంజన్ చుట్టుకి రెండు ఫైరింగ్‌లు, అంటే 2,200 దగ్గర సుమారు 73 హెర్ట్జ్. గ్యాసు 230 డిగ్రీల సెల్సియస్ ఉంటే ధ్వని వేగం సెకనుకు 450 మీటర్లు. ఈ హోరుని తగ్గించడానికి ఎగ్జాస్ట్‌కి పక్కగా అతికించే, చివర మూసిన క్వార్టర్-వేవ్ పైపు (ధ్వని తరంగంలో పావు వంతు పొడవుండేది) 1.53 మీటర్లు కావాలి. మఫ్లర్ దగ్గర 150 డిగ్రీలే ఉంటే 1.4 మీటర్లు చాలు. ఈ 13 సెంటీమీటర్ల తేడాతోనే తంటా. ఏ ఉష్ణోగ్రత పట్టుకోవాలి? లేక చివర జరిపే మూత పెట్టి, రోడ్డు మీద సరిచేశాక వెల్డ్ చేయడం మేలా?

ఫైబర్ నింపిన రెజోనేటర్ గరగరనే తగ్గిస్తుంది, ఇంత లోతు హోరుని పెద్దగా పట్టదని నా అభిప్రాయం. అదే పెట్టి ఫలితం చూసినవాళ్లుంటే మఫ్లర్ పొడవుతో సహా చెప్పండి.

తర్వాత 200 సెల్ (చదరపు అంగుళానికి 200 రంధ్రాల) క్యాట్ ఉన్న డౌన్‌పైపు వేస్తే హోరు ఏ ఆర్‌పీఎంకి జరుగుతుంది? పీ0420 కోడ్ (క్యాట్ సరిగా పనిచేయడం లేదనే హెచ్చరిక) రావచ్చని తెలుసు. క్యాట్ తీసేయమనే సలహా మాత్రం వద్దు.