నల్గొండ అంటే బకెట్టు: అయిదు నెలల పరిచర్య తర్వాత సంఘానికి ఏమని సాక్ష్యం చెప్పాలి?

నీళ్లసీసా:

అందరికీ వందనాలు. మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలంలో ఒక ఊరు. పదేళ్లుగా నీటి పరీక్షల ల్యాబులో పని చేస్తున్నాను. ఫ్లోరైడ్ మరకలు పడ్డ నా పళ్లు చూస్తే ఏ ప్రాంతమో తెలిసిపోతుంది కాబట్టి అంతకుమించి పరిచయం అక్కర్లేదు.

జూన్‌లో ఎనిమిది మందిమి జట్టుగా సువార్త పరిచర్యకు టాంజానియా వెళ్లాం. అరూషా పట్నానికి తూర్పున, మేరు కొండ కింద పల్లెల్లో ఉన్నాం. అక్టోబరు చివర తిరిగి వచ్చాను. వచ్చే ఆదివారం ఆరాధనలో అరగంట సాక్ష్యం చెప్పమని, అంటే అక్కడి అనుభవాలు సంఘంతో పంచుకోమని, మా పాస్టరు అయ్యగారు అడిగారు, ఫొటోలు కూడా చూపించమన్నారు. నాలుగు రాత్రులుగా కాగితం ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. ఒక్క పేరా నిలబడటం లేదు.

మమ్మల్ని పంపేటప్పుడు సంఘం తల మీద చేతులుంచి ప్రార్థన చేసింది. పొయ్యి మీద ఎసరు పెట్టిన ప్రతిసారీ పిడికెడు బియ్యం తీసి పక్కన పెట్టిన అమ్మలున్నారు. నా టికెట్టులో కొంత ఆ బియ్యం డబ్బే. చీకట్లో ఉన్నవాళ్లకు వెలుగు తీసుకెళ్లామని చెబితే వాళ్లు తృప్తిగా ఇంటికి వెళ్తారు. తీరా అక్కడ చూస్తే లూథరన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్ల సంఘానికి మన నల్గొండ సంఘాలంత వయసుంది. కోడి కూయకముందే లేచి ప్రార్థన చేసేవాళ్లకు మేము సువార్త చెప్పేది ఏముంది? మా జట్టులో ఒక తమ్ముడు ఇంగ్లీషులో ప్రసంగిస్తే ఒకరు స్వాహిలీలోకి, మరొకరు మేరు భాషలోకి మార్చేవారు. ఇరవై నిమిషాల మాట గంట దాటేది. వాళ్లు ఓపికగా విని, చివర ‘బ్వానా అసిఫివె’ అనేవారు. ప్రభువుకు స్తోత్రం అని అర్థం. ప్రసంగం అయిపోయినందుకేమోనని నాకు అనుమానం.

మొదటి వారమే పరువు పోయింది. మహిళల కూటం ‘మూడు గంటలకు’ అన్నారు. తీరిగ్గా భోంచేసి మధ్యాహ్నం మూడింటికి వెళ్తే గుడి ఆవరణలో ఒక మేక తప్ప ఎవరూ లేరు. అక్కడ గంటలు పొద్దు పొడుపు నుంచి లెక్కపెడతారు. వాళ్ల మూడు గంటలంటే మన తొమ్మిది. ఆడవాళ్లు మాకోసం చూసి చూసి పొలాలకు వెళ్లిపోయారు. ఇంకో సంగతి, అక్కడ మనబోటివాళ్లను ‘ముహిందీ’ అంటారు. అంటే భారతీయుడని. భారతీయులంటే వ్యాపారస్తులని వాళ్ల లెక్క. నేను కనబడగానే నీ ‘దుకా’ ఎక్కడ అని అడిగేవారు. దుకా అంటే మన దుకాణమే. ఏమీ అమ్మని ముహిందీని నమ్మడానికి వాళ్లకు నెల పట్టింది.

ఇప్పుడు అసలు విషయం. మేరు ఒక అగ్నిపర్వతం. ఆ రాళ్లలోంచి వచ్చే ఊటల్లో ఫ్లోరైడ్ విపరీతం. మేమున్న చోటికి దగ్గర్లో ‘మాజీ యా చాయి’ అనే ఊరుంది, అదే పేరుతో ఒక ఏరు. పేరుకు చాయ్ నీళ్లని అర్థం, నీళ్ల రంగూ అదే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటాం కదా, నేను పరీక్షించిన నీళ్లలో దానికి ఎన్నో రెట్లు కనిపించింది. మొదటి రోజు బడిలో పిల్లలు నవ్వితే అందరివీ మా ఊరి పళ్లే.

నీటి శాఖలో పనిచేసిన ఒక పెద్దాయనకు నాది నల్గొండ అని చెప్పాను. ఆయన పగలబడి నవ్వారు. ‘నల్గొండ ఊరి పేరా! నేను బకెట్టు అనుకున్నాను’ అన్నారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే ‘నల్గొండ పద్ధతి’ని ఆ దేశంలో ఇరవై లీటర్ల రెండు బకెట్లతో ఇళ్లలో వాడించేందుకు ప్రయత్నించారు. ఆయన జీవితమంతా నల్గొండను అలా కలుపుతూనే గడిపారు. ఊరు కాని ఊళ్లో మన జిల్లా పేరు ఒక బకెట్టుకు స్థిరపడిపోయింది!

అంతే, నాకు పిలుపు దొరికిందనుకున్నాను. అరవై నాలుగు ఇళ్లకు బకెట్లు ఇచ్చాం. ఒక నిమిషం వేగంగా కలపాలి, అయిదు నిమిషాలు మెల్లగా కలపాలి, గంటసేపు తేరనివ్వాలి, అడుగున మడ్డి కదలకుండా పైనీళ్లు వంచుకోవాలి. ప్రతి ఇంట్లో కూర్చుని నేర్పాను. సెప్టెంబరులో మళ్లీ తిరిగితే పదకొండు ఇళ్లలో వాడుతున్నారు. మిగతా చోట్ల బకెట్లలో మొక్కజొన్న పిండి ఉంది. ఒక ముసలమ్మ నా చెయ్యి పట్టుకుని ‘పోలే’ అంది. దెబ్బ తగిలినవాళ్లను ఓదార్చే మాట అది. నా శ్రమ వృథా అయినందుకు ఆమె నన్ను ఓదార్చింది!

మా జట్టు పెద్ద పంపిన నివేదికలో ‘అరవై నాలుగు కుటుంబాలకు సురక్షిత జలం’ అని ఉంది. అబద్ధమని అనలేను, నిజమనీ అనలేను. ఆదివారం నేను ఏ అంకె చెప్పాలి?

పాలమూరు అమ్మగారు:

వందనాలు తల్లీ. మాది మహబూబ్‌నగర్, మా అయ్యగారు ముప్పై ఏళ్లుగా సేవలో ఉన్నారు. విదేశం వెళ్లి వచ్చినవాళ్ల సాక్ష్యాలు ఇరవైకి తక్కువ కాకుండా విన్నాను. అన్నీ విమానంతో మొదలై కన్నీళ్లతో ముగుస్తాయి. ఒక్కటీ గుర్తు లేదు. నీ మేక మాత్రం మరిచిపోను!

మా నాన్న నాగార్జునసాగర్ కట్టేటప్పుడు కూలికి వెళ్లాడు. పాలమూరు కూలీ లేని ఆనకట్ట ఈ దేశంలో ఏదీ! తిరిగి వచ్చాక ఊరివాళ్లు డ్యాం ఎంత ఎత్తని అడిగితే ఆయనకు చెప్పడం రాలేదు. పక్క గుడిసెలోని ఒడిశా మనిషి చింతపండు లేకుండా పులుసు ఎలా కాచాడో గంటసేపు చెప్పేవాడు. మేము డ్యాంను ఆ పులుసులోంచే చూశాం.

అన్నట్టు, తిండి సంగతి ఒక్క ముక్క రాయలేదే! ఎనిమిది మంది అయిదు నెలలు ఒక వంటింట్లో ఉన్నారు, గొడవ పడలేదంటే నేను నమ్మను.

చాక్‌పీసు మాస్టారు:

నేను క్రైస్తవుణ్ణి కాను. నల్గొండలో రసాయనశాస్త్రం చెప్పి విరమించాను. సాక్ష్యం సంగతి మీవాళ్లకు వదిలేస్తాను గానీ, బకెట్టు సంగతిలో నాకు మాట్లాడే హక్కుంది.

అమ్మాయీ, నీ పదకొండు ఇళ్లు చూసి సిగ్గుపడకు. ఆ పద్ధతిని 1970లలో రూపొందించింది నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ. పేరు మాత్రమే మనది. మన పల్లెల్లో కూడా అది ఇదే కారణాలతో చతికిలబడటం నేను చూశాను. పటిక ఎక్కువ పడుతుంది, దాన్ని రోజూ కొలవాలి, మడ్డిని ఎక్కడో పారబోయాలి, నీళ్ల రుచి మారుతుంది. పొద్దున్నే కూలికి వెళ్లే మనిషి గంటసేపు నీళ్లు తేరేదాకా కూర్చుంటుందా? మర్రిగూడకు ఊరట ఇచ్చింది కృష్ణ నీళ్లు, బకెట్టు కాదు. ఆ మాట చెప్పకుండా బకెట్టు పట్టుకెళ్లడమే నీ పొరపాటు.

అరూషా వైపు ఎముకల బొగ్గు మీద చాలా పని జరిగింది. కెన్యాలో నకూరు క్యాథలిక్ మేత్రాసనం, అంటే అక్కడి బిషప్ పరిధిలోని సంఘం వాళ్లు కూడా వడపోతకు అదే వాడారు. ఎముకలను బట్టీలో కాల్చి, నలిపి, నీళ్లను అందులోంచి దించితే ఫ్లోరైడ్ దానికి పట్టుకుంటుంది. రోజూ కలిపే పని లేదు. మన దగ్గర ఎముక అనగానే కుండ ముట్టుకోరు, అది వేరే కథ. మీ జట్టు దాన్ని చూసిందా?

ఇంకొకటి. 1890లో నల్గొండకు అబ్రహాం ఫ్రీసెన్ దంపతులు వచ్చారు. నేటి ఉక్రెయిన్ ప్రాంతం నుంచి వచ్చిన మిషనరీలు, మెన్నోనైట్లు అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు. మా తాతల కాలంలో ఇక్కడివాళ్లు వాళ్లను నీ దుకాణం ఎక్కడ అన్నట్టే చూసి ఉంటారు. నువ్వు అరూషాలో నిలబడిన చోటు ఆ దొర నిలబడిన చోటు. అది గుర్తుపెట్టుకుని మాట్లాడితే నాలాంటివాడు కూడా వెనక బల్ల మీద కూర్చుని వింటాడు.

జడ్చర్ల నర్సు:

అక్కా, ఫొటోల గురించి ఒక్క మాట. పిల్లల పళ్లు కనిపించే ఫొటోలు వేయకండి.

నా మేనత్తది మునుగోడు దగ్గర. ఫ్లోరైడ్ నీళ్లతో నడుము వంగిపోయింది. మా చిన్నప్పుడు ఎవరెవరో కెమెరాలతో వచ్చేవారు, అత్తను ఎండలో నిలబెట్టి తీసుకునేవారు. పత్రికలో పడేది. తీయొచ్చా అని అడిగేవారు కాదు, పేరు కూడా రాసేవారు కాదు. ‘ఫ్లోరోసిస్ బాధితురాలు’ అని కింద ఒక లైను. ఆ కాగితంలో పొట్లం కట్టిన బజ్జీలు మా ఇంటికే వచ్చాయి ఒకసారి. అత్త నవ్వింది గానీ ఆ తర్వాత ఎవరు కెమెరా తీసినా లోపలికి వెళ్లిపోయేది.

మీరు కూడా ఆ పళ్లతోనే పెరిగారు కదా. మీకు చెప్పాల్సింది కాదు, అయినా చెబుతున్నాను.

నీళ్లసీసా:

ఆదివారం అయిపోయింది. అందరికీ బాకీ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

చెల్లీ, చూపించడానికి ఫొటోలు నలభై ఎంచి పెట్టుకున్నాను. నీ మాట చదివాక పిల్లలవి పదిహేడు పక్కన పెట్టేశాను. ఆ పదిహేడూ నేనే తీశాను. పళ్లు చూపించమని చేత్తో సైగ చేసి మరీ తీశాను. అది తలుచుకుంటే ఇప్పటికీ ముఖం వేడెక్కుతోంది.

అమ్మగారూ, గొడవ పడ్డాం. బియ్యం దగ్గర. అక్కడ తిండి ఉగాలి, అంటే మొక్కజొన్న పిండితో గట్టిగా కెలికిన సంకటి. నాకు, ఇంకో నల్గొండ అన్నకు అది ఇబ్బంది కాలేదు. మిగతావాళ్లకు మూడో రోజే అన్నం కావాలి. అన్నం ఖర్చు ఎవరి వాటాలో వేయాలని రెండు వారాలు మాటలు లేవు. పొద్దున్నే ఐక్యత గురించి వాక్యం చదువుకుని, రాత్రికి ఎవరి గిన్నె వాళ్లు కడుక్కునేవాళ్లం. ఇది కూడా చెప్పాను. ఆడవాళ్ల వరుసల్లో నవ్వులు, మా అయ్యగారు మాత్రం గడియారం చూసుకున్నారు.

వేలం గురించి ఎక్కువసేపు చెప్పాను. ఇక్కడ మనం కోతపండుగకు ఏడాదికోసారి కానుకలు వేలం వేస్తాం కదా. అక్కడ ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక గుడి బయట వేస్తారు. అరటిగెల, చెరకుగడ, గుడ్లు. ఒకాయన ఒక కోడిని అందరికంటే ఎక్కువకు పాడి, దాన్ని కానుకగా తెచ్చిన ముసలమ్మ చేతుల్లోనే తిరిగి పెట్టాడు. నాకు పోలే అన్న ముసలమ్మే ఆమె. మరుసటి వారం అదే కోడి మళ్లీ కానుకగా వచ్చింది!

తర్వాత అంకె చెప్పాను. అరవై నాలుగు ఇచ్చాం, పదకొండు వాడుతున్నారు. మాస్టారు చెప్పిన కృష్ణ నీళ్ల మాట కూడా కలిపాను. కాసేపు ఎవరూ కదల్లేదు. సంఘ పెద్దల్లో ఒకరు ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి, వచ్చే ఏడాది కానుకలు తగ్గితే బాధ్యత నీదే అన్నారు. కోపంగా కాదు, లెక్కలు చూసే మనిషి లెక్కగా అన్నారు. నా దగ్గర జవాబు లేదు. పిడికెడు బియ్యం అమ్మల్లో పెద్దామె మాత్రం, ఆ పదకొండు ఇళ్లకు ఇప్పుడు పటిక ఎవరు కొనిస్తున్నారని అడిగింది. అదీ నాకు తెలియదు. ఆ సాయంత్రం అక్కడి పాస్టరుగారికి ఫోను చేసి అడిగాను. ఇప్పుడు తొమ్మిది ఇళ్లట.

మాస్టారూ, ఎముకల బొగ్గును సెప్టెంబరు చివర చూశాను, అప్పటికి మా డబ్బు బకెట్లకే అయిపోయింది. ఆ పాస్టరుగారు ఒకటి అడిగారు: బొగ్గు పనితనం తగ్గిందని ఇంట్లోనే తెలుసుకునే దారి ఉందా, ప్రతిసారీ నీళ్లు పట్నానికి మోసుకెళ్లకుండా? నాకు తెలిసింది ల్యాబు పద్ధతి ఒక్కటే. మీకు వేరే ఏదైనా తోస్తే ఇక్కడే రాయండి, ఆయనకు పంపిస్తాను.