ముక్కు స్ప్రే పెట్టె మీద స్టెరాయిడ్ అని ఉంది, రోజూ వాడొచ్చా?

గాలిపటం అడిగారు:

అందరికీ నమస్కారం. కాస్త పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

నాకు చాలా ఏళ్లుగా ఎలర్జీ ఉంది. పొద్దున్న లేవగానే వరసపెట్టి తుమ్ములు, నీళ్లలా ముక్కు కారడం, కళ్లు దురద, అంగిట్లో కూడా దురద. పగలు ఎలాగో నెట్టుకొస్తాను. అసలు నరకం రాత్రిళ్లు. ఏ పక్కకి ఒత్తిగిలితే ఆ పక్క ముక్కు మూసుకుపోతుంది. నోటితో గాలి పీల్చి పీల్చి తెల్లారేసరికి నాలుక పిడచకట్టుకుపోతుంది. ఆస్తమా కూడా ఉంది, పొద్దునా సాయంత్రం ఇన్‌హేలర్ వాడతాను. ముక్కు బాగా దిబ్బడేసిన రోజుల్లోనే ఛాతీలో పిల్లికూతలు కూడా ఎక్కువవుతాయి.

ఈసారి ఈఎన్‌టీ డాక్టరుగారు ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్ స్ప్రే రాశారు. ఒక్కో వైపు రెండు సార్లు కొట్టుకోవాలి, రోజుకి ఒక్కసారి, నెల వాడి రమ్మన్నారు. ఎలా వాడాలో అడిగేలోపే తర్వాతి పేషెంటుని పిలిచేశారు.

ఇంటికొచ్చి పెట్టె మీద చూస్తే కార్టికోస్టెరాయిడ్ అని ఉంది. అప్పట్నుంచి టెన్షన్. మా అత్తగారు కీళ్ల నొప్పులకి ఏళ్ల తరబడి స్టెరాయిడ్ మాత్రలు మింగారు. ముఖం ఉబ్బింది, షుగర్ వచ్చింది, ఎముకలు గుల్లబారి తుంటి విరిగింది. ఆ బాధంతా నేను దగ్గరుండి చూశాను. "నీకెందుకమ్మా ఆ మందు" అని ఆవిడే వద్దంటున్నారు.

మొదలుపెట్టి ఇంకా వారం కాలేదు. పెద్దగా తేడా లేదు. నిన్న ముక్కు చీదితే రక్తం చార కనిపించింది. తల వెనక్కి వాల్చి, స్ప్రే మూతి ముక్కు మధ్యకి పెట్టి, నొక్కగానే గట్టిగా ఎగపీలుస్తున్నాను. గొంతులోకి దిగి అదో రకం రుచి వస్తోంది. ఇంట్లో ఆక్సీమెటాజోలిన్ చుక్కల మందు ఉంది, అది వేస్తే నిమిషాల్లో ముక్కు తెరుచుకుంటుంది. దాన్నే వాడుకుంటే పోదా? పైగా ఇన్‌హేలర్‌లో కూడా స్టెరాయిడే అంటున్నారు. రెండూ కలిపి వాడితే నా గతి కూడా అత్తగారిలాగే అవుతుందా?

---

మందులచీటీ జవాబు:

అమ్మా, నేను ఫార్మసిస్టుని. స్టెరాయిడ్ అన్న మాట చూసి స్ప్రే పక్కన పడేసి, రాత్రంతా నోటితో ఊపిరి పీల్చుకునేవాళ్లని రోజూ చూస్తుంటాను. అందుకే వివరంగా రాస్తున్నాను.

ముందు మీ అత్తగారి సంగతి. ఆవిడకి జరిగింది నిజం, ఆవిడ భయం కూడా న్యాయమే. కాకపోతే మాత్ర మింగితే మందు రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది. స్ప్రేలో మందు ముక్కుపొర మీద పని చేస్తుంది. మీకు రాసిన మోతాదు రోజుకి 200 మైక్రోగ్రాములు. ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్ర, చిన్నది 5 మిల్లీగ్రాములది అంటే 5000 మైక్రోగ్రాములు. అయితే ఈ అంకెలు పక్కపక్కన పెట్టి ధైర్యపడిపోవడం కూడా సరికాదు, ఎందుకంటే బరువుకి బరువు చూస్తే ఫ్లూటికాసోన్ చాలా ఘాటైన మందు. చూడాల్సింది రక్తంలోకి ఎంత చేరుతుందన్నది. ముక్కులో కొట్టిన ఫ్లూటికాసోన్ ప్రొపియోనేట్‌లో రక్తంలోకి చేరేది 2 శాతం కన్నా తక్కువ. గొంతులోకి జారి మింగేసిన భాగాన్ని కాలేయం ఒళ్లంతా పాకకముందే దాదాపు మొత్తం విరిచేస్తుంది. మొమెటాసోన్, ఫ్లూటికాసోన్ ఫ్యూరోయేట్ అనే స్టెరాయిడ్ స్ప్రేలు కూడా ఇలాంటివే. పాతకాలపు బెక్లోమెథాసోన్ అయితే రక్తంలోకి ఇంకా ఎక్కువే చేరుతుంది.

ఇక తేడా ఎందుకు కనిపించడం లేదంటే, ఈ మందు పని చేసే దారి వేరు. చుక్కల మందు ఉబ్బిన రక్తనాళాల్ని బిగిస్తుంది, అందుకే నిమిషాల్లో గాలి ఆడుతుంది. స్టెరాయిడ్ కణం లోపలికి వెళ్లి, అక్కడి నుంచి కేంద్రకంలోకి చేరి, వాపు పుట్టించే రసాయనాల తయారీనే తగ్గిస్తుంది. దానికి టైం పడుతుంది. కొందరికి 12 గంటల్లోపే కొంచెం తేలిక అనిపిస్తుంది, పూర్తి గుణం తెలియాలంటే ఒకటి రెండు వారాలు రోజూ పడాలి. మధ్యలో రెండు రోజులు మానేసి, ముక్కు మూసుకున్నప్పుడు మాత్రమే కొడితే ఆ గుణం ఎప్పటికీ పూర్తిగా కనిపించదు. మీ ఫిర్యాదుల్లో ముక్కు దిబ్బడే పెద్దది కదా, దానికి ఎలర్జీ మాత్రల కన్నా ఈ స్ప్రేలే బాగా పని చేస్తాయి. చాలామందికి కళ్ల దురద కూడా తగ్గుతుంది.

ఇప్పుడు మీరు కొట్టుకునే పద్ధతి. రక్తం చార కూడా ఇక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. రెండు రంధ్రాల మధ్య గోడని ముక్కు దూలం అంటాం. దాని ముందు భాగంలో సన్నటి రక్తనాళాలు పైపైనే ఉంటాయి. స్ప్రే మూతి అటు తిరిగి ఉంటే రోజూ మందు అక్కడే పడి, పొర ఎండిపోయి, చిట్లుతుంది. ఇలా చేసి చూడండి. ముందు మెల్లగా ముక్కు చీదండి. సీసా కదపండి. కొత్తదైతే, లేదా కొన్నాళ్లు వాడకుండా ఉంచితే, సన్నటి తుంపర వచ్చేదాకా గాల్లోకి కొట్టండి. తల కొంచెం ముందుకి వంచండి, వెనక్కి అస్సలు వద్దు. కుడి ముక్కుకి ఎడమ చెయ్యి, ఎడమ ముక్కుకి కుడి చెయ్యి వాడండి. అలా చేతులు మారిస్తే మూతి దానంతట అదే బయటి వైపుకి, అదే వైపు కంటి బయటి కొసకేసి తిరుగుతుంది. నొక్కేటప్పుడు మెల్లగా, పువ్వు వాసన చూసినంత నెమ్మదిగా పీల్చండి. గట్టిగా ఎగపీలిస్తే మందు గొంతులో పడుతుంది, మీకొస్తున్న రుచి అదే. కాసేపు చీదకండి.

చార మాత్రమే అయితే ఒకటి రెండు రోజులు ఆపి, పద్ధతి మార్చి మొదలుపెట్టొచ్చు. ధారగా కారినా, మళ్లీ మళ్లీ వచ్చినా, లోపల పక్కు కట్టి మానకపోయినా డాక్టరు ముక్కు లోపల చూడాల్సిందే. చాలా అరుదుగానైనా దూలానికి చిల్లు పడిన సందర్భాలున్నాయి.

ఆక్సీమెటాజోలిన్ సంగతి గట్టిగా చెప్తాను. మూడు రోజులు, మహా అయితే ఐదు, అంతే. ఆ తర్వాత మందు దిగగానే ముక్కు ముందుకన్నా గట్టిగా మూసుకుంటుంది, మళ్లీ చుక్కలు, మళ్లీ మూసుకోవడం. జైలోమెటాజోలిన్ అనే చుక్కల మందు కూడా ఇంతే. జేబులో ఆ సీసా లేకపోతే నిద్ర పట్టని స్థితికి వచ్చినవాళ్లున్నారు.

ఆస్తమా ఉందన్నారు కాబట్టి ముక్కుని అస్సలు అశ్రద్ధ చెయ్యకండి. ముక్కు నుంచి ఊపిరితిత్తుల దాకా ఒకటే దారి. ఆరియా అని ఎలర్జీ నిపుణుల బృందం ఒకటుంది, ఎలర్జీ జలుబునీ ఆస్తమానీ కలిపే చూడాలని 2001 నుంచీ చెబుతోంది. అయితే ముక్కు స్ప్రే ఇన్‌హేలర్‌కి బదులు కాదు. దేని పని దానిదే. రెండూ వాడేవాళ్లు చాలామందే ఉన్నారు. రెండిట్లో కలిపి స్టెరాయిడ్ ఎంత పడుతోందో డాక్టరు లెక్కలో ఉంటే చాలు. నీటికాసులు గానీ కంట్లో శుక్లం గానీ ఉంటే ముందే చెప్పండి, ఏళ్ల తరబడి వాడేవాళ్లకి అప్పుడప్పుడు కంటి పరీక్ష మంచిది.

---

వేపచెట్టు జవాబు:

నా అనుభవం వేరండి. నేను ఇలాంటి స్ప్రే చాలాకాలం వాడాను. వాడినన్నాళ్లూ బాగానే ఉంటుంది, ఆపిన కొన్నాళ్లకి మళ్లీ మొదలు. అంటే ఒంటికి అలవాటు చేసేస్తుందనే కదా? ఇప్పుడు ఉప్పునీళ్లతో ముక్కు కడుక్కుంటున్నాను, హాయిగా ఉంది. మందులు లేకుండా గడిచేదానికి మందులెందుకు?

---

మందులచీటీ జవాబు:

వేపచెట్టుగారూ, మీకు హాయిగా ఉన్నందుకు సంతోషం. ఉప్పునీళ్లు నిజంగా మంచి ఉపాయం. పుప్పొడి, దుమ్ము, చిక్కటి చీమిడి కొట్టుకుపోతాయి. తేలికపాటి ఎలర్జీకి అదొక్కటే సరిపోవచ్చు కూడా. కుళాయి నీళ్లు మాత్రం నేరుగా వాడకండి. మరిగించి చల్లార్చినవి గానీ డిస్టిల్డ్ వాటర్ గానీ వాడండి. నేగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకి పాకితే ప్రాణం దక్కడం కష్టం. అరుదే, కానీ నీళ్లు మరిగించుకుంటే తప్పిపోయే ప్రమాదం కదా. స్ప్రే వాడేవాళ్లు ముందు కడుక్కుని, తర్వాత స్ప్రే కొట్టుకోవాలి. వరస మారితే మందు నీళ్లలో పోతుంది.

అలవాటు అన్న మాట మీద మాత్రం మీతో ఏకీభవించలేను. స్ప్రే ఆపాక తిరిగొచ్చింది మీ ఎలర్జీ. మందు దాన్ని అణిచి ఉంచింది, వేరుతో పెకలించలేదు. బీపీ మాత్ర ఆపితే బీపీ పెరుగుతుంది, అంతమాత్రాన మాత్ర అలవాటు చేసినట్టు కాదు. అసలు అలవాటు చేసేవి నేను పైన చెప్పిన చుక్కల మందులు, జనం ఈ రెండిటినీ ఒకే గాటన కట్టేస్తారు. సీజన్‌లో మాత్రమే బాధ ఉన్నవాళ్లు పుప్పొడి కాలానికి కాస్త ముందు మొదలుపెట్టి, అది అయిపోగానే ఆపేయొచ్చు. ఏడాది పొడుగునా ఉండేవాళ్లకి గుణం కుదిరాక మోతాదు తగ్గిస్తూ, ఏ కనీస మోతాదుకి ముక్కు బాగుంటుందో అక్కడ ఆపుతారు.

---

చంటిపాపతల్లి జవాబు:

మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా ఆరేళ్ల బాబుకి అడినాయిడ్స్ (ముక్కు వెనక ఉండే మెత్తటి కండ) పెరిగాయని మొమెటాసోన్ స్ప్రే ఇచ్చారు. నిద్రలో గురక, నోరు తెరిచే పడుకుంటాడు. ఎత్తు పెరగరని ఎక్కడో చదివాను, నిజమేనా?

---

మందులచీటీ జవాబు:

ఆ మాట గాల్లోంచి పుట్టలేదమ్మా. బెక్లోమెథాసోన్ ముక్కు స్ప్రేని పిల్లలకి ఏడాదిపాటు రోజుకి రెండు పూటలా ఇచ్చి చూస్తే, మందు లేని పిల్లల కన్నా దాదాపు ఒక సెంటీమీటరు తక్కువ పెరిగారు. ఆ ఫలితాలు 2000లో వచ్చాయి. మొమెటాసోన్‌తో చిన్నపిల్లల్లో అలాగే ఏడాదిపాటు చేసిన పరిశీలనలో ఎదుగుదల తగ్గలేదు. అందుకే మీ డాక్టరు ఎంచుకున్న మందు సరైనదే. మొమెటాసోన్ రెండేళ్లు నిండిన పిల్లలకి కూడా ఇస్తారు. ఆరేళ్ల వయసులో మామూలుగా ఒక్కో వైపు ఒక్కసారే, మీ చీటీలో ఎలా రాశారో ఓసారి చూసుకోండి. మీరు చెయ్యాల్సిందల్లా ఎత్తు కొలిపించి రాసిపెట్టుకోవడం, డాక్టరు చెప్పిన గడువు దాటి సొంతంగా సీసా మీద సీసా కొనకపోవడం. గురకలో ఊపిరి ఆగి ఆగి వస్తుంటే మాత్రం గడువు దాకా ఆగకుండా వెళ్లి చూపించండి.

---

గాలిపటం జవాబు:

మందులచీటీగారూ, ఎంత ఓపిగ్గా రాశారండీ. చేతులు మార్చి కొట్టుకున్నాను. గొంతులోకి దిగడం చాలా తగ్గింది. ముక్కులో పువ్వుల వాసనలాంటిది వస్తోంది, అది మామూలేనా?

ఇంకొక్కటి. తొడల దగ్గర తామర ఉందని స్కిన్ డాక్టరుగారు ఇట్రాకోనజోల్ మాత్రలు రాశారు, రేపట్నుంచి మొదలుపెట్టాలి. ముక్కుకీ తామరకీ సంబంధం లేదు కాబట్టి ఆయనకి స్ప్రే సంగతి చెప్పలేదు. ఇన్‌హేలర్ మీద చూస్తే అందులో కూడా ఫ్లూటికాసోనే ఉంది.

---

మందులచీటీ జవాబు:

వాసన మామూలే. మీ స్ప్రేలో ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్ అని చెడిపోకుండా కలుపుతారు, గులాబీ వాసన దానిదే. మరీ ఇబ్బందిగా ఉంటే వాసన లేని రకాలున్నాయి.

ఇట్రాకోనజోల్ మాట చెప్పి మంచి పని చేశారమ్మా. ఆ మాత్ర మొదలుపెట్టే ముందే స్కిన్ డాక్టరుకి ఫోన్ చెయ్యండి. కాలేయం ఫ్లూటికాసోన్‌ని దాదాపు మొత్తం విరిచేస్తుందని పైన రాశాను కదా. ఆ పని చేసేది సీవైపీ3ఏ4 అనే ఎంజైము. ఇట్రాకోనజోల్ సరిగ్గా దాన్నే అడ్డుకుంటుంది. అప్పుడు విరగాల్సిన స్టెరాయిడ్ విరగకుండా ఒంట్లో పేరుకుపోతుంది, మీకైతే ముక్కులోంచీ ఇన్‌హేలర్‌లోంచీ రెండు వైపులా. హెచ్‌ఐవీ మందుల్లో వాడే రిటోనవిర్‌తో ఇలా జరిగి, స్ప్రే, ఇన్‌హేలర్ల వల్లే ముఖం ఉబ్బి, ఒంట్లో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్ ఆగిపోయినవాళ్లు ఉన్నారు. మీ అత్తగారి విషయంలో మీరు భయపడ్డ లక్షణాలు స్ప్రేతో రావడానికి ఉన్న దారుల్లో ఇదొకటి.

తామరకి వేరే మందు ఇవ్వొచ్చు. లేదా స్ప్రే, ఇన్‌హేలర్లనే ఈ ఎంజైము మీద అంతగా ఆధారపడని బెక్లోమెథాసోన్‌లాంటి దానికి మార్చొచ్చు. పైన దాన్ని పాత మందని తక్కువ చేసి మాట్లాడాను గానీ, ఇలాంటి చోట అదే నయం. ఏది అన్నది డాక్టర్లు తేలుస్తారు. మీ అంతట మీరు ఇన్‌హేలర్ మాత్రం ఆపకండి, ఆయాసం ముంచుకొస్తుంది. రేపు వెళ్లేటప్పుడు స్ప్రే, ఇన్‌హేలర్, మాత్రల అట్ట మూడూ ఒకే సంచిలో వేసుకెళ్లి ఆయన బల్ల మీద పెట్టండి.