టీకా పడ్డ రెట్ట: దీర్ఘం ఉందా లేదా?

గోదావరిగట్టు: మా నాయనమ్మ రెట్ట మీద పావలా బిళ్లంత మచ్చ ఉండేది, గాజులు పైకి జరిపి దాన్ని చూపిస్తూ "టీకా పడ్డ రెట్ట తల్లికి..." అని ఏదో అనేది, ఆ చివరి మాట ఎంతకీ గుర్తు రావట్లేదు. ఎవరైనా విన్నారా? అసలు టీకా అనేదో టీక అనేదో కూడా అనుమానమే.

తాటాకు: టీకా అనే అని ఉంటారండి. సంస్కృతంలో సీతా మనకి సీత అయింది, కథా కథ అయింది, వ్యాఖ్యానం అనే అర్థంలో టీకా కూడా టీక అయింది. మందుకి మాత్రం దీర్ఘం నిలిచిందంటే అది హిందీ మీదుగా వచ్చిన మాట, అక్కడ టీకా అంటే నుదుటి బొట్టు. టీకలు చదువుతాం, టీకాలు వేయించుకుంటాం, బహువచనంలో తేడా తెలిసిపోతుంది.

మెతుకుసీమ: మరి టీకాతాత్పర్యం?

తాటాకు: సమాసం కదండీ, దీర్ఘం పోదు.

మెతుకుసీమ: సరే గానీ టీక అన్నంక కాళిదాసు కావ్యాలకు టీకలు రాసిన మా కొల్చారం మల్లినాథసూరిని తలుసుకోకుంటే ఎట్ల? చెడ్డ వ్యాఖ్యల విషానికి మూర్ఛపోయిన కాళిదాసు వాక్కును ఈ సంజీవనీ టీకా బతికిస్తదని రాసుకున్నడు. విషానికి విరుగుడు టీకా! రెండు మాటలు ఒకటే అని నా నమ్మకం.

సూక్ష్మదర్శిని: వైరస్ అన్నా లాటిన్‌లో విషమేనండి, వ్యాక్సిన్ అనే మాటలో ఉన్నది మాత్రం ఆవు, 1796లో మశూచి టీకా కోసం జెన్నర్ తీసుకున్నది గోమశూచి రసి కాబట్టి. నాయనమ్మగారి మచ్చ ఎలా వచ్చిందంటే, ఆ మశూచి టీకాలో ఉండేది బతికున్న వ్యాక్సీనియా వైరస్, మశూచి వైరస్‌కి దగ్గర చుట్టం, సూదితో పొడిచిన చోటే పెరిగి పొక్కై చెక్కు కట్టి రాలిపోయేది. ఇప్పటి పిల్లలకి ఉండేది బీసీజీ మచ్చ, అది క్షయకి, క్షయ వైరస్సే కాదు. ఇంకోటి, మనం ఇలాంటి పొక్కుల జబ్బులన్నిటినీ అమ్మవారే అంటాం గానీ మశూచి పాక్స్ కుటుంబం, ఆటలమ్మ హెర్పిస్ కుటుంబం, అందుకే తగ్గాక కూడా నరాల్లో దాక్కుని ఎప్పటికో సర్పిగా లేస్తుంది. ఈ రెండూ డీఎన్ఏవి, తట్టు ఆర్ఎన్ఏది. ఆ టీకా ఆటలమ్మని ఆపలేదు, కాబట్టి మీ వాక్యంలో తల్లి కచ్చితంగా మశూచే.

తాటాకు: మశూచి కాదండీ, మసూచి. మసూర పప్పు గింజల్లాంటి పొక్కులు కనక మసూరిక, అందులో శ ఎక్కడుంది?

మెతుకుసీమ: మా దిక్కు అందరూ మశూచే అంటరు.

గోదావరిగట్టు: ఇప్పుడే మా పెద్దత్తకి ఫోన్ చేశాను. చివరి మాట తనకీ గుర్తు లేదట, కానీ "టీక పడ్డ రెట్ట" అని పొట్టిగానే పలికింది, రెండుసార్లు అడిగాను.

తాటాకు: మీ అత్తయ్యగారిది ఏ ఊరండీ?