‘రన్’కి ఇన్ని అర్థాలా? మీరెలా గుర్తుపెట్టుకుంటున్నారు?

అందరికీ నమస్కారం. ఇంగ్లీషులో ‘రన్’ అంటే పరుగు అనుకుంటే సరిపోవట్లేదండీ. ముక్కు కారినా రన్నే, కంపెనీ నడిపినా రన్నే, ఎన్నికల్లో నిలబడినా రన్నే! ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు వాళ్లు ఒక్క క్రియగానే దీనికి 645 అర్థాలు లెక్కపెట్టారు. ‘రన్ అవుట్ ఆఫ్’ అంటే అయిపోవడం, ‘రన్ ఇంటూ’ అంటే అనుకోకుండా తారసపడటం, ఇలాంటివి వాక్యాన్ని బట్టి ఎలాగోలా పట్టేస్తున్నాను. అసలు చిక్కంతా స్లాంగ్‌తోనే. ‘ది రన్స్’ అంటే విరేచనాలని ఎవరైనా చెబితే తప్ప ఎలా తెలుస్తుంది? మీటింగ్‌లో నోరు జారి ఇలాంటిదేదైనా వాడేస్తానేమోనని టెన్షన్. ఏ మాట స్నేహితుల మధ్య మాత్రమే, ఏది ఎక్కడైనా వాడొచ్చు అని విడిగా చూపించే మంచి నిఘంటువు ఉంటే చెప్పండి. బట్టీ పట్టకుండా మీరు ఎలా నేర్చుకున్నారో కూడా ఒకట్రెండు ఉదాహరణలతో రాయండి, ప్లీజ్.